బిళ్ళగన్నేరు

మా ఇంటి ముందరి ఇసుకలో బిళ్ళగన్నేరు మొక్కలు ఎవరూ నాటకుండానే మొలుస్తాయి. నెల్లూరు నుండి మైపాడు వెళ్ళే దారిలో, సముద్రపు హోరు రాత్రిపూట మాత్రమే వినబడేటంత దూరంలో ఉన్న ఊరు మాది. నీళ్ళు పోసి పెంచుకున్న మొక్కలు సైతం ఇక్కడి ఎండకు సొమ్మసిల్లుతాయి. బిళ్ళగన్నేరు మాత్రం గోడ వారన, బావి గట్టున, చివరికి గచ్చు పగుళ్ళలో కూడా గులాబీ రంగు పూలు పూస్తూనే ఉంటుంది. పశువులు దానిని ముట్టవు. మందారాలు దొరకని రోజున అమ్మ నాలుగు పూలు కోసుకోవడం తప్ప, మా ఇంట్లో దానికి ఏనాడూ గౌరవం లేదు. దారికి అడ్డం వస్తే పీకి పారవేసేవాళ్ళం. ఇప్పుడు నాకు ఆ పని చేతులు రావడం లేదు. ఎందుకో చెప్పాలంటే మా సింగడి సంగతి చెప్పాలి.

సింగడు నాటుకుక్క. 2019లో ఎవరో మా రొయ్యల గుంటల దగ్గర వదిలివెళ్ళిన పిల్ల. గట్ల మీద తిరుగుతూ, నీటికాకులను తరుముతూ, కాపలా తాత పెట్టిన సద్దన్నం తిని పెరిగింది. రాత్రి ఇంటికి వచ్చి నాన్న మంచం కింద పడుకునేది. దానికి ఆ పేరు పెట్టింది అమ్మ. "దీన్ని ఇంట్లోకి రానిచ్చింది ఎవురు?" అని రోజూ గద్దిస్తూనే, దాని వాటా అన్నం కలిపి పెట్టేది నాన్న. మేము నాన్నను 'నాయనా' అనే పిలుస్తాము. ఇక మీదట అలాగే రాస్తాను.

2023 అక్టోబరులో ఒక ఉదయం గచ్చు మీద రెండు మూడు నెత్తుటి చుక్కలు కనిపించాయి. కాలికి ముల్లు గుచ్చుకుందేమో అనుకున్నాము. మరునాడు సింగడు పడుకుని లేచిన గోనెపట్టా మీద కూడా మరకలు. మూత్రం పోసే చోటి నుండి వస్తోందని అప్పుడు తెలిసింది. దగ్గరలో చూపిస్తే మూత్రంలో చీము చేరిందని మాత్రలు ఇచ్చారు. రెండు వారాలు వేశాము. చుక్కలు ఆగలేదు. దీపావళికి వారం రోజుల ముందు దానిని వెల్లకిలా పడుకోబెట్టి చూస్తే, లోపలి నుండి కాలీఫ్లవర్ ముక్క వంటి ఎర్రని కండ ఒకటి కనబడింది. ముట్టుకుంటే నెత్తురు.

ఆటోలో నెల్లూరు తీసుకువెళ్ళాను. అక్కడి డాక్టరుగారు ఒక గాజు పలకను ఆ కండకు అద్ది, ఆరబెట్టి, రంగు వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. చూసి, నన్ను కూడా చూడమన్నారు. ఊదారంగు గుండ్రని కణాలు, వాటిలో ముత్యాల్లా వరుసగా చిన్న చిన్న బుడగలు. అందమైనదేదో చూస్తున్నట్టే అనిపించింది. "ఇది క్యాన్సరేనండీ," అన్నారాయన, "అయితే చాలా మటుకు నయమయ్యేది."

ఆ రెండవ వాక్యం నా చెవికి ఎక్కలేదు. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను.

ఆ మాటను మా ఇంట్లో ఎవరూ ఉచ్చరించరు. 1994లో మా అవ్వకు ఆ జబ్బు వచ్చినప్పుడు, నాయన ఆమెను మద్రాసులోని అడయారు ఆసుపత్రికి తిప్పాడు. నెల్లూరులో రైలు ఎక్కి పోవడం, రెండు రోజులకు తిరిగి రావడం, మళ్ళీ వారానికి పోవడం. అవ్వకు చివరిదాకా 'కడుపులో పుండు' అనే చెప్పారు. ఆమె పోయిన తరువాత కూడా 'ఆ జబ్బు' అన్నారే గానీ పేరు చెప్పలేదు. సింగడి విషయం చెప్పగానే నాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మనుషులకే దిక్కు లేదు, కుక్కకు క్యాన్సరు వైద్యం చేయిస్తావా? ఎన్ని వారాలు తిప్పాల? తిప్పినాక ఏమవతాదో నాకు తెలుసు. వద్దబ్బయ్యా," అన్నాడు. మాటలో విసుగు వినబడింది. అది విసుగు కాదని అమ్మకు తెలుసు, నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది.

అమ్మ బాధ వేరు. "ఏం జబ్బని అడిగితే ఊళ్ళో ఏమని చెప్పుకునేది?" అంది.

చెప్పుకోవడానికి ఇబ్బందిగానే ఉంటుంది మరి. ఇది కుక్కలు జతకట్టినప్పుడు ఒకదాని నుండి మరొకదానికి సోకే క్యాన్సరు. వైరస్ వలన వచ్చేది కాదు. జబ్బు కుక్కలోని క్యాన్సర్ కణాలే సజీవంగా ఊడి, రెండవ కుక్కకు అంటుకుని అక్కడ పెరుగుతాయి. 1876లోనే నోవిన్‌స్కీ అనే రష్యన్ పశువైద్యుడు ఒక కుక్క కణితి ముక్కను మరొక కుక్కకు అంటించి పెంచి చూపాడు. ప్రపంచంలో ఎక్కడి కుక్కలో ఈ కణితి కనబడినా దాని కణాలన్నీ ఒకే మూలం నుండి వచ్చినవని 2006లో జన్యుపరీక్షలు తేల్చాయి. 43 దేశాల నుండి తెచ్చిన 546 కణితులను పరిశీలించి 2019లో వెలువరించిన ఒక అధ్యయనం, ఆ మొదటి కుక్క నాలుగు వేల నుండి ఎనిమిదిన్నర వేల సంవత్సరాల క్రితం ఆసియాలో బ్రతికిందని లెక్క కట్టింది. ఆ కుక్క ఏనాడో మట్టిలో కలిసిపోయింది. దాని దేహంలోని కణాలు మాత్రం ఒక కుక్క నుండి ఇంకొక కుక్కకు దాటుకుంటూ, సముద్రాలు దాటి, మా సింగడి దాకా వచ్చాయి. ఎంత పాత దుఃఖం అనిపించింది. మనుషులకు ఇది అంటదు. విచ్చలవిడిగా తిరిగే కుక్కలు ఎక్కువగా ఉన్న మన వంటి దేశాలలోనే ఇది ఎక్కువ.

వైద్యం వారానికొక ఇంజక్షను, నాలుగు నుండి ఆరు వారాలు. మందు పేరు విన్‌క్రిస్టిన్. "మీ ఇళ్ళ దగ్గర బిళ్ళగన్నేరు ఉంటుంది కదా, దానిలోనిదే," అన్నారు డాక్టరుగారు. నేను నమ్మలేదు. ఇంటికి వచ్చి చదువుకున్నాను. మడగాస్కర్ దీవిలో పుట్టి ఉష్ణదేశాలన్నిటికీ పాకిన మొక్క అది. జమైకాలో చక్కెర వ్యాధికి దాని ఆకుల కషాయం తాగుతారని విని, 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల మీద పరీక్షించారు. రక్తంలో చక్కెర తగ్గలేదు. తెల్లకణాలు తగ్గాయి. రక్తకణాలు పెచ్చుపెరిగే క్యాన్సరుకు అదే మందు కావచ్చునన్న ఆలోచన అక్కడ పుట్టింది. 1958లో వారు విన్‌బ్లాస్టిన్‌ను ప్రకటించారు. దాని తోబుట్టువు వంటి విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి లభించింది. రక్త క్యాన్సరు వచ్చిన పసిపిల్లలకు నేటికీ ఇచ్చే మందు ఇదే.

ఈ సంగతి ఎదురింటి పెద్దమ్మకు చెప్పాను. ఆమె చక్కెర వ్యాధికి రోజూ పరగడుపున రెండు బిళ్ళగన్నేరు ఆకులు నములుతుంది. "మరి నెల్లూరు దాకా ఎందుకు నాయనా, నాలుగు ఆకులు నూరి పొయ్యి," అంది. డాక్టరుగారిని అడిగితే గట్టిగా వద్దన్నారు. ఆకులో ఆ మందు ఉండేది లేశమాత్రం. ఒక గ్రాము తీయడానికి వందల కిలోల ఎండుటాకు కావాలి. మిగిలిన విషాలన్నీ మాత్రం పసరుతో పాటు కడుపులోకి పోతాయి. వాకిట్లో ఉన్నంత మాత్రాన అందుబాటులో ఉన్నట్టు కాదని అర్థమయింది.

మొదటి ఇంజక్షను నవంబరు 13, దీపావళి మరునాడు. రాత్రంతా టపాకాయలకు జడిసి మంచం కింద వణికిన సింగడిని తెల్లవారాక ఎత్తుకుని ఆటో ఎక్కాను. నాయన రాలేదు. గుంటల కాపలా తాత వచ్చాడు. నోటికి గుడ్డ కట్టి, ముందరి కాలి నరం వెతికి, సన్నని గొట్టం గుచ్చి, అది సరిగా నరంలోనే ఉన్నదని రెండుసార్లు చూసుకున్న తరువాతే డాక్టరుగారు మందు ఎక్కించారు. ఒక్క చుక్క నరం బయటికి జారినా అక్కడి కండ కుళ్ళిపోతుందట. సీసాలో ఉండేది ఒక మిల్లీగ్రాము మందు. సింగడి బరువు 18 కిలోలు. దానికి పట్టేది అందులో సగం కూడా కాదు. ఆ సీసా ధర కిలో రొయ్యల ధర కంటే తక్కువని తెలిసినప్పుడు, ఆ రెండు వారాలు నిద్రలేకుండా లెక్కలు వేసుకున్నందుకు సిగ్గు కలిగింది.

వెళ్ళేటప్పుడు ఆయన రెండు మాటలు చెప్పారు. ఒకటి, రెండు రోజులు దాని మూత్రం మీద నీళ్ళు పోసి కడగండి, చేతులకు తొడుగులు వేసుకోండి, పిల్లలను దగ్గరికి రానీయకండి. రెండు, "ఇది ఏ ఆడకుక్కతో తిరుగుతుందో దానికి కూడా ఉంటుంది. తెలిస్తే తీసుకురండి."

నాకు తెలుసు. మా పెరటి గోడ అవతల ఒక నల్లకుక్క ఉండేది. అమ్మ మెతుకులు పెట్టి 'నల్లమ్మా' అని పిలిచేది. దాని తోక కింద తడి, నెత్తుటి చార చాలాకాలంగా చూస్తున్నదే. ఎదకు వచ్చిందిలే అనుకునేవాళ్ళం. నెలల తరబడి ఎద ఏమిటని ఎవరమూ అనుకోలేదు. డాక్టరుగారి మాటకు నేను తల ఊపాను. ఏమీ చెప్పలేదు. ఒకదానిని మోయడమే తలకు మించిన పని, రెండవది ఎందుకు అనుకున్నాను. పైగా అది మన కుక్క కాదు కదా.

రెండవ ఇంజక్షను తరువాత సింగడు ఒక రోజు అన్నం ముట్టలేదు, రెండుసార్లు వాంతి చేసుకుంది. నెత్తురు మాత్రం ఆగింది. మూడవది నవంబరు 27, కార్తీక పౌర్ణమి. సముద్రస్నానానికి జనమంతా మైపాడు వైపు వస్తుంటే, మేము ఎదురు వెళ్ళాము. ఆ రోజు మాత్రం నాయన తనంతట తానే వచ్చి ఆటోలో కూర్చున్నాడు. "తాతకు మోకాళ్ళు నొప్పిలే," అన్నాడు. ఆసుపత్రిలో సింగడి తలను తన రొమ్ముకు ఆనించుకుని, "ఏం కాదు, ఏం కాదు, అయిపొయ్యింది," అంటూ ఉన్నాడు. ఆ మాటలు ఆయన ఇంతకు మునుపు ఎవరితో, ఎక్కడ అన్నాడో నాకు తెలిసినట్టే అనిపించింది. నేను కిటికీ వైపు చూశాను.

నాలుగవది డిసెంబరు 4న పడవలసింది. ఆనాడు మిచౌంగ్ తుపాను మా తీరాన్ని ఆనుకుని పోతూ ఉంది. మరునాడు బాపట్ల దగ్గర తీరం దాటింది. రోడ్డు మీద సర్వి చెట్లు పడిపోయాయి, కరెంటు లేదు, గుంటల గట్లు తెగకుండా చూసుకోవడమే సరిపోయింది. వారం తప్పితే చేసినదంతా వృథా అవుతుందేమోనని నా భయం. ఫోను కలిసినప్పుడు డాక్టరుగారు, "నాలుగు రోజులకు ఏమీ కాదు, మానకుండా రండి, అంతే," అన్నారు. 8వ తేదీన వెళ్ళాము. రక్తపరీక్షలో తెల్లకణాలు సరిపోయినన్ని ఉన్నాయి. కాలీఫ్లవర్ వంటి ఆ కండ అప్పటికి సెనగగింజంత అయింది.

ఐదవది, చివరిది, డిసెంబరు 15. మందు ఎక్కించిన తరువాత నాయన బల్ల మీది సీసాను చూపి, "సార్, ఆ మిగిలింది ఏం చేస్తారు?" అని అడిగాడు.

"పారవేస్తామండీ. తెరిచింది నిలవ ఉంచకూడదు."

నాయన ఇంకేమీ అడగలేదు. ఇందుకూరుపేట దాటింది. చాలాసేపు మౌనం. మా ఊరి మలుపు తిరుగుతుండగా అన్నాడు: "ఆ నల్లదాన్ని గూడా తీసకపోయింటే, అయిదు వారాలూ ఆ సగం దానికి సరిపోయుండేది గదా."

నాకు జవాబు లేదు. నల్లమ్మ బరువు పద్నాలుగు కిలోలకు మించదు. లెక్క సరిగ్గా సరిపోతుంది. ఒక్క సీసా, ఒక్క ఆటో, ఒక్క ప్రయాణం. రెండు కుక్కలు. డాక్టరుగారు మొదటి రోజే అడిగారు. నేను తల ఊపి ఊరుకున్నాను. ఐదు సోమవారాలు కాకపోయినా ఐదు వారాలు, ఆ సగం మందును నా కళ్ళెదుటే పారబోశారు.

మరుసటి వారం నుండి నల్లమ్మను తీసుకువెళ్ళాము. అమ్మ అన్నం పెడుతుండగా మెడకు తాడు వేయడమే పెద్ద పని అయింది. అది మనిషి చేతిలో ఉండి ఎరగదు. నాయనా, తాతా, నేనూ ముగ్గురం పట్టుకుంటే గానీ నరం దొరకలేదు. సూది దిగాక మాత్రం కదలలేదు. కళ్ళు మూసుకుంది. డిసెంబరు 22, 29, జనవరి 5. రెండవ దానికే నెత్తురు ఆగింది. మూడవ దానికి కండ సగం కరిగింది. మొదటి రెండు రోజులు పెరట్లో కట్టివేసి చూశాము. కట్టివేస్తే తినలేదు, నీళ్ళు కూడా ముట్టలేదు. విప్పితే గోడ అవతలికి పోయి, అక్కడి నుండి చూస్తూ తోక ఊపేది. అందుకని విప్పే ఉంచాము.

సంక్రాంతికి ఐదారు రోజుల ముందు నుండి అది కనబడలేదు. నాలుగవ ఇంజక్షను నాటికి వస్తుందిలే అనుకున్నాము. గుంటల గట్లు, సర్వి తోపులు, పట్టపువాళ్ళ పాళెం, పడవలు లాగే ఇసుకదిబ్బలు అన్నీ వెతికాము. బకింగ్‌హాం కాలువ కట్ట మీద రెండు రోజులు తిరిగాను. ఎవరిని అడిగినా, "నల్లకుక్కలు శానా ఉండాయి గదా," అన్నారు. వాళ్ళ తప్పేమీ లేదు. నేను కూడా నవంబరు వరకు అలాగే అనేవాడిని.

మూడు ఇంజక్షన్లతోనే కొన్నిటికి నయమవుతుందని, మిగిలిన కాస్త కణితిని శరీరమే తరిమివేయడం కూడా ఉన్నదని డాక్టరుగారు ఓదార్చారు. నిజమే కావచ్చు. ఏ పాళెంలోనో పిల్లలు వేసే చేపముక్కలు తింటూ హాయిగా ఉన్నదేమో. లేదేమో. ఆ మార్చిలో సింగడికి కుటుంబనియంత్రణ ఆపరేషను చేయించాము. మరల ఆ జబ్బు దాని ద్వారా ఇంకొకదానికి పోకూడదని. ఇప్పటికీ గట్ల మీద నీటికాకులను తరుముతూనే ఉంది. మూతి దగ్గర వెంట్రుకలు నెరిశాయి.

ఈ మొత్తంలో నన్ను వదలని ఆలోచన ఒకటే. రెండు కుక్కలకు ఒకే జబ్బు. ఒకే డాక్టరు, ఒకే మందు. ఒకదానికి నయమయింది, రెండవదాని సంగతి తెలియదు. రెండిటి మధ్య తేడా మా ఇంటి గోడ. గోడ ఇవతల ఉన్నదానికి పేరు, మంచం కింద చోటు, వారం వారం మరువకుండా తీసుకువెళ్ళే మనుషులు. గోడ అవతలిదానికి మెతుకులు మాత్రమే. ఆ గోడ ఎత్తు నడుముకు మించదు. నల్లమ్మ రోజుకు పదిసార్లు దూకేది. దాటలేనిది నేనే. దాటేసరికి ఐదు వారాలు పట్టింది.

నాయన ఇప్పుడు అవ్వ గురించి మాట్లాడుతున్నాడు. అడయారులో వసారాలో పడుకున్న రాత్రులు, అవ్వ జామపండు అడిగితే తెచ్చిపెట్టిన సంగతి, ఆ జబ్బు పేరుతో సహా చెబుతున్నాడు. "ఆమెకు చెప్పుండాల్సింది అబ్బయ్యా," అన్నాడు ఒకనాడు. "ఆమెకు తెలుసనే అనుకుంటా. మేమే చెప్పుకోలేకపోతిమి." ఇరవై తొమ్మిదేళ్ళు నోరు మెదపని మనిషిని ఒక కుక్క మాట్లాడించింది.

పెరటి గోడ అవతల, నల్లమ్మ పడుకునే చోట ఇసుకలో గుంట ఇంకా పూడలేదు అనుకునేవాణ్ణి. మొన్న చూస్తే పూడిపోయింది. అందులో బిళ్ళగన్నేరు మొలిచి ఉంది. ఎవరూ నాటలేదు. అమ్మ మెతుకుల ముంత కడిగిన నీళ్ళు అలవాటుగా అక్కడే పోస్తూ ఉంది. పీకవద్దని ఆమెకు నేనేమీ చెప్పలేదు. ఆమె కూడా పీకలేదు.